నమూనా రైలూ, నిస్తంత్రి పగ్గమూ

రేడియో ఉన్న ఇంటివారికి గరగర అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. సాయంకాలం వార్తలు వింటూ ఉంటాము. ఎక్కడో దూరాన మెరుపు మెరుస్తుంది, మన పెట్టె ఫెళఫెళమంటుంది. వంటింట్లో ఎవరో మిక్సీ వేస్తారు, పాడేవారి గొంతుమీద గీతలు పడినట్లవుతుంది. అది ఇబ్బందే కాని, అందులో ఒక నిజాయితీ ఉన్నది. సంకేతం పాడయితే పాడయినదని చెవికి తక్షణమే తెలిసిపోతుంది. వినేవారు లేచి ఏరియలు సవరించుకుంటారు, లేదా పెట్టెను కిటికీ దగ్గరకు జరుపుకుంటారు.

ఇప్పుడు మన ఇళ్ళలోకి మరొక నిస్తంత్రి వచ్చి చేరినది. దాని పేరు వైఫై. అది కూడా రేడియోయే. దాని తరంగాలు కూడా విద్యుదయస్కాంత తరంగాలే. కాని దానికి గరగరమనడం తెలియదు. పాడయినప్పుడు అది మౌనం వహిస్తుంది. ఎక్కడ పాడయినదో చెప్పదు. పాడయినదని సైతం ఒక్కొక్కప్పుడు చెప్పదు. ఈ మౌనాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి, దానివల్ల హాని కలుగకుండా ఎట్లా చూసుకోవాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఇందుకు నేను ఎన్నుకున్న ఉదాహరణ ఒక వినోద వస్తువు: ఫోనుతో నడిపే నమూనా రైలు.

అమెరికాలోను, బ్రిటనులోను, జర్మనీలోను నమూనా రైళ్ళ నిర్మాణం పెద్దల వ్యాసంగం. దానిని బొమ్మరైలు అంటే వారి మనస్సు కష్టపెట్టుకుంటారు. అమెరికాలో ఈ వ్యాసంగంవారు 1935లోనే మిల్వాకీ నగరంలో సమావేశమై ఒక జాతీయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఎక్కువమంది ఎన్నుకునే కొలత అసలు రైలులో 87వ వంతు. అక్కడి అసలు పట్టాల నడిమి దూరం 1,435 మిల్లీమీటర్లు. నమూనాలో అది 16.5 మిల్లీమీటర్లు. ఇంజను, పెట్టెలు, స్టేషను, గుట్టలు, వంతెనలు అన్నీ ఆ లెక్క ప్రకారమే ఉంటాయి. ఇంట్లో వేరే చోటుండదు కాబట్టి చాలామంది వీటిని నేలమాళిగలో బల్లలమీద నిర్మించుకుంటారు.

పూర్వం ఈ రైళ్ళను నడిపే పద్ధతి సులభం. పట్టాలలోకి ఎక్కువ విద్యుత్తు పంపితే రైలు వేగంగా పోయేది, తగ్గిస్తే నెమ్మదించేది. అయితే ఒకే పట్టామీద రెండు ఇంజన్లుంటే రెండూ ఒకేసారి కదిలేవి. 1990 దశకంలో డి.సి.సి. అనే అంకెల పద్ధతి ప్రమాణంగా స్థిరపడినది. ఇందులో పట్టాలలో ఎప్పుడూ పూర్తి విద్యుత్తు ఉంటుంది. ఆ విద్యుత్తుతోపాటే ఆజ్ఞలు కూడా ప్రవహిస్తాయి. ప్రతి ఇంజనులోను చిన్న డీకోడరు, దానికొక సంఖ్య. "మూడవ నంబరు ఇంజను ముందుకు నడవవలెను" అని పట్టాలలో చాటింపు వేస్తే ఇంజన్లన్నీ వింటాయి. మూడవది మాత్రమే నడుస్తుంది. ఆ చాటింపు వేసే యంత్రాన్ని కమాండు స్టేషను అంటారు.

దాని స్వభావం ఒకటి ఇక్కడ గుర్తుంచుకోవాలి. కమాండు స్టేషను తాను విన్న చివరి ఆజ్ఞనే మళ్ళీ మళ్ళీ చాటుతూ ఉంటుంది. పట్టామీద మురికివల్ల ఇంజను ఒక మాట వినకపోయినా మరుక్షణం మరొక మాట వినడానికి ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే. కాని ఆజ్ఞ ఇచ్చిన మనిషితో సంబంధం తెగిపోయినా, ఆ చివరి మాటే చెల్లుబాటు అవుతూ ఉంటుంది. "నడు" అన్న తరువాత యజమాని మూగవాడైతే, గుర్రం నడుస్తూనే ఉంటుంది.

ఈ పద్ధతికి ఫోను తరువాత తోడైనది. అమెరికాలో బాబ్ జేకబ్సన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆరంభించగా, అనేకులు కలిసి పెంచిన జె.యం.ఆర్.ఐ. అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి ఉన్నది. దానిని కంప్యూటరులో పెట్టి, కంప్యూటరును కమాండు స్టేషనుకు తగిలిస్తారు. ఫోనులో ఇంజన్ డ్రైవర్, వైథ్రాటిల్ వంటి ఆప్ ఒకటి వేసుకుంటారు. తెరమీద వ్రేలు పైకి జరిపితే రైలు వేగం పుంజుకుంటుంది. చేతిలో తీగ లేదు, పగ్గం లేదు. బల్ల చుట్టూ రైలుతోపాటు నడుస్తూ నడుపుకోవచ్చును.

చూడడానికి వ్రేలికీ చక్రానికీ నడుమ ఏమీ లేదు. నిజానికి ఉన్నది పెద్ద గొలుసు. ఫోను ఒక లంకె. గాలి ఒక లంకె. రూటరు ఒకటి, కంప్యూటరు ఒకటి, కమాండు స్టేషను ఒకటి, చివరకు పట్టా ఒకటి. మొత్తం ఆరు. వీనిలో ఏది తెగినా చూచేవారికి కనిపించేది ఒక్కటే: రైలు మాట వినదు. అప్పుడు మనం ఏమంటాము? "వైఫై బాగాలేదు" అంటాము. లేదా, "నడిపేవాడికి చేతకాదు" అంటాము. ఈ రెండవ మాట ఎంత అన్యాయానికి దారితీయగలదో నేను కండ్లారా చూచాను.

2023 వేసవిలో మా అక్కయ్యను చూడడానికి ఒహాయో రాష్ట్రానికి వెళ్ళి, నెలరోజులు వారింట ఉన్నాను. మా బావగారికి ఈ రైళ్ళంటే ప్రాణం. ఇంటి నేలమాళిగ నిండా ఆయన కట్టిన రైలుమార్గమే. గది వాకిలికి అడ్డంగా వచ్చేచోట మనుషులు పోవడానికి వీలుగా ఒక ఎత్తిపెట్టే వంతెన. శనివారం సాయంకాలాలు ఆరేడుగురు మిత్రులు వచ్చేవారు. ఎవరి ఫోను వారిదే, ఎవరి రైలు వారిదే. స్టేషను మాస్టరు చీటీలు, సమయ పట్టిక, అన్నీ అసలు రైల్వేలో జరిగినట్లే జరిపేవారు. మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. ఆ సంవత్సరమే వాడికి పెద్దవారితో కలిసి నడిపే అర్హత లభించినది.

కాని వాడి చేతిలో రైలు ఉన్నప్పుడే ఏదో ఒక అపశ్రుతి. ఉండి ఉండి రైలు వాడి మాట వినేది కాదు. పెద్దల రైళ్ళకు అటువంటిది అరుదు. "ధ్యాస ఉండదు వీడికి, తెర చూడకుండా వ్రేలు ఆడిస్తాడు" అన్నారు బావగారు. రెండు మూడు వారాలు ఇట్లా గడిచినవి.

ఒక శనివారం అక్కయ్య క్రిందికి టీ తెచ్చినది. ఆమెకు దారి ఇవ్వడానికి ఎవరో వంతెన ఎత్తిపెట్టి, "అన్ని రైళ్ళూ ఆపండి" అని కేక వేశారు. అందరూ ఆపారు. మా మేనల్లుడు కూడా వ్రేలు క్రిందికి దించాడు. నేను వాడి పక్కనే ఉన్నాను, చూచాను. అయినా రైలు ఆగలేదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ నడిపిన కె-4 తరగతి ఆవిరి ఇంజను నమూనా అది. బావగారు ఒక చలికాలమంతా కూర్చుని దానికి మెరుగులు దిద్దారు. అది దీపం వెలిగించుకుని, నిదానంగా, పట్టా అంచుదాకా వచ్చి, నాలుగడుగుల ఎత్తునుండి సిమెంటు నేలమీద పడినది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. బావగారు వంగి ముక్కలు ఏరుకున్నారు. కొంతసేపటికి, కొడుకువైపు చూడకుండానే, "ఫోను బల్లమీద పెట్టి పైకి వెళ్ళు" అన్నారు. పిల్లవాడు ఏడవలేదు. "నేను ఆపాను నాన్నా" అని ఒక్కమాట అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రసార శాఖలో ఇన్నేళ్ళు పనిచేసినవాడిని. స్టూడియోలో గొంతు పలుకుతూనే ఉన్నా, శ్రోతకు చేరకపోయిన సందర్భాలు నాకు తెలుసు. అప్పుడు మా ఇంజనీర్లు ప్రసంగకర్తను నిందించరు. మైకునుండి ట్రాన్స్‌మిటరుదాకా ఒక్కొక్క లంకెను వరుసగా పరీక్షిస్తారు. మరునాడు ఉదయం బావగారితో అన్నాను: "బావగారూ, వాడు ఆపడం నేను చూచాను. వాడి మాట ఎక్కడిదాకా వెళ్ళి ఆగినదో వెదుకుదాము." ఆయన కొంచెంసేపు ఆలోచించి, సరేనన్నారు. పిల్లవాణ్ణి పిలిచి, చేతికొక నోటుపుస్తకం ఇచ్చాము. ఏ పరీక్ష, ఎన్ని గంటలకు, ఏమి జరిగినది అన్నీ వాడే వ్రాయాలి.

మేము అనుసరించిన క్రమాన్ని ఇప్పుడు మీకు వివరిస్తాను. ఎవరైనా అనుసరించదగిన క్రమమే అది. దానిలో రెండు నియమాలు. చక్రం దగ్గర మొదలుపెట్టి వ్రేలివైపు నడవాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, జబ్బు కుదిరినా మందు ఏదో తెలియదు.

మొదటి పరీక్ష ఇంజను దీపం. రైలు మధ్యలో నిలిచిపోయినప్పుడు దీపం కూడా ఆరితే, ఇంజనుకు విద్యుత్తే అందడం లేదన్నమాట. అప్పుడు వైఫైని తప్పుపట్టి లాభం లేదు. పట్టా తుడవాలి, చక్రాలు తుడవాలి. వైఫై దోషమని అనుకునేవానిలో ఎన్నో నిజానికి మురికి దోషాలే. దీపం వెలుగుతూనే ఉండి రైలు మాట వినకపోతే, విద్యుత్తు అందుతున్నది, మాట అందడం లేదు. నేలబడిన ఇంజను దీపం చివరిదాకా వెలిగినది. కనుక పట్టా నిర్దోషి.

రెండవ పరీక్ష కంప్యూటరు. ఆ సాఫ్ట్‌వేరులో తెరమీదనే రైలును నడిపే కిటికీ ఒకటి ఉన్నది. ఫోను అవసరం లేదు. దానితో గంటసేపు నడిపాము. ఒక్క అపశ్రుతి లేదు. అంటే కంప్యూటరు, కమాండు స్టేషను, పట్టా మూడూ నిర్దోషులు. ఆరు లంకెలలో సగం ఒక్క గంటలో విడుదల అయినవి.

ఇక మిగిలినవి రూటరు, గాలి, ఫోను. బావగారు రైళ్ళకోసం ఒక చిన్న రూటరును ప్రత్యేకించారు. దానికి ఇంటర్నెట్టు సంబంధం లేదు, అవసరమూ లేదు. మూడవ పరీక్షగా ఫోనును ఆ రూటరు పక్కనే, బారెడు దూరంలో పెట్టి నడిపించాము. అక్కడకూడా నలభై నిమిషాలకు మాట తెగినది. బారెడు దూరంలో తెగితే అది దూరంవల్ల వచ్చిన దోషం కాదు గదా.

నాలుగవ పరీక్ష అన్నిటికంటె ముఖ్యమైనది. ఒక మిత్రుణ్ణి పిలిచి, ఆయన ఫోను మా మేనల్లుడికి, వాడి ఫోను ఆయనకూ ఇప్పించాము. రెండు గంటలు నడిపారు. పిల్లవాడి చేతిలో రైలు ఒక్కసారికూడా తప్పలేదు. ఆ పెద్దమనిషి చేతిలో, మా వాడి ఫోనుతో, ఇరవై నిమిషాలకే రైలు మాట వినడం మానినది. చేయి నిర్దోషి. దోషమంతా ఫోనులో ఉన్నది.

అప్పుడు మా మేనల్లుడు ఫోను పై అంచును చూచి, "మామయ్యా, ఇది మేడమీది వైఫైలో ఉన్నది" అన్నాడు.

రహస్యం బయటపడినది. ఈనాటి ఫోను ఏదైనా వైఫైలో చేరగానే, అక్కడ ఇంటర్నెట్టు ఉన్నదా లేదా అని చూచుకుంటుంది. లేకపోతే, "ఈ వైఫై ఎందుకూ పనికిరాదు" అని దాని అభిప్రాయం. తనకు పూర్వం పరిచయమున్న మరొక వైఫై దగ్గరలో ఉంటే, అడగకుండానే దానిలోకి దూకుతుంది. రైళ్ళ రూటరులో ఇంటర్నెట్టు లేదు. మేడమీది ఇంటి వైఫైలో ఉన్నది. దాని రహస్యపదం అతిథుల ఫోనులకు తెలియదు. ఇంటి పిల్లవాడి ఫోనుకు తెలుసు. అందువల్ల అందరిలోను వాడి ఫోను మాత్రమే నడుమ నడుమ మేడమీదికి వెళ్ళిపోయేది. క్రింద రైలు తన చివరి ఆజ్ఞను పట్టుకుని నడిచేది. ఇంటివాడు కావడమే వాడు చేసిన నేరం.

చికిత్స సులభం. "ఈ వైఫైలో ఇంటర్నెట్టు లేదు, ఇందులోనే ఉండాలా?" అని ఫోను అడిగినప్పుడు ఉండవలెనని శాశ్వతంగా సమాధానమివ్వాలి. ఇతర వైఫైలలోకి తనంత తాను చేరే స్వేచ్ఛను, రైలు నడిపేంతసేపు, ఫోనునుండి తీసివేయాలి. అతిథులు విమానంలో వాడే అమరికను వేసి, వైఫై ఒక్కటి మళ్ళీ తెరుచుకుంటే, మొబైలు డేటాలోకి దూకే ప్రమాదం ఉండదు. మధ్యలో కాల్స్ వచ్చే బాధా తప్పుతుంది. ఇంకొక సంగతి: బ్యాటరీ ఆదాచేయడానికి ఫోను ఆప్‌ను నిద్రపుచ్చుతుంది. రైలు నడిపే ఆప్‌కు ఆ పొదుపునుండి మినహాయింపు ఇచ్చి, తెర ఆరిపోకుండా చూచుకోవాలి.

మాకు గాలి అడ్డు రాలేదు గాని, అది అడ్డు వచ్చే ఇళ్ళు ఎన్నో ఉన్నవి. అందుచేత దానిని గురించి రెండు మాటలు. మధ్యతరంగ ప్రసారాల తరంగం వందల మీటర్ల పొడవు. ఇళ్ళు, చెట్లు దానికి లెక్కలేదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఇంచుమించు 12 సెంటీమీటర్లు, అంటే జానెడుకంటె తక్కువ. అంత చిన్న తరంగాన్ని గోడలు బలహీనపరుస్తాయి, నీరు పీల్చుకుంటుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే గదా. ఖాళీ గదిలో చక్కగా నడిచిన రైలు, ప్రదర్శననాడు వందమంది జనం చుట్టూ నిలబడగానే మొండికేయడానికి ఒక కారణం ఇది. రెండవ కారణం ఆ వందమంది జేబులలోని ఫోనులు. మూడవది, దగ్గరలో మైక్రోవేవ్ పొయ్యి ఉంటే, అదికూడా ఇంచుమించు అదే తరంగాలతో పనిచేస్తుంది.

ఇక్కడ రేడియోకీ వైఫైకీ ఉన్న భేదం స్పష్టమవుతుంది. రేడియోలో ఆటంకం వస్తే ధ్వని పాడవుతుంది. వైఫైలో ఒక మాట పాడయితే, అవతలివారు దానిని అంగీకరించరు. ఇవతలివారు ఆ మాటనే మళ్ళీ చెబుతారు. అందరూ ఒకేసారి మాట్లాడబోతే, తమ వంతుకోసం వేచి ఉంటారు. అందువల్ల ఆటంకం మనకు శబ్దంగా కాక ఆలస్యంగా తెలుస్తుంది. వ్రేలు జరిపిన రెండు క్షణాలకు రైలు కదిలితే, అదే వైఫై గరగర అనుకోవచ్చును.

చికిత్సలు ఇవి. రూటరును బల్ల క్రింద దాచక, తలలకంటె ఎత్తున పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని మార్గాలు 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగులు ఏది వాడుతున్నారో చూచి, ఖాళీగా ఉన్నదానిలో స్థిరపరచాలి. రెండింటికి నడుమ 3నో 8నో ఎన్నుకుంటే ఇద్దరి గోలా మనమీద పడుతుంది. ఒకే గది అయితే 5 గిగాహెర్ట్జ్ మేలు. అది గోడలను అంత బాగా దాటలేదు గాని, దానిలో రద్దీ తక్కువ. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరునే రూటరుగా వాడేవారు, దానికి చాలినంత విద్యుత్తు ఇచ్చే ఛార్జరునే వాడాలి. విద్యుత్తు చాలకపోతే పది మంది చేరేసరికి అది తబ్బిబ్బవుతుంది.

ఫోనుకు కంప్యూటరు అసలు కనిపించకపోవడం మరొక జాతి దోషం. అది గాలి దోషం కాదు, చిరునామా దోషం. అతిథుల కోసం కేటాయించిన వైఫైలో ఉన్న యంత్రాలను రూటరు ఒకదానితో ఒకటి మాట్లాడనీయదు. కంప్యూటరులోని ఫైర్‌వాలు కొత్తవారిని గుమ్మంలోనే ఆపుతుంది. ఒకే ఇంట రెండు రూటర్లు చిరునామాలు పంచితే తికమక తప్పదు. కంప్యూటరుకు మారని చిరునామా ఒకటి ఇచ్చి, ఆ చిరునామాను, 12090 అనే ద్వారం సంఖ్యను ఆప్‌లో చేతితో వ్రాసుకుంటే ఈ బాధలు చాలావరకు తీరుతాయి. కంప్యూటరు తానే నిద్రపోకుండా చూచుకోవడం మరువరాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫోను మేడమీదికి దూకడం దోషమే. కాని ఇంజను నేలబడడానికి అది పూర్తి కారణం కాదు. ఆ సాఫ్ట్‌వేరులో ఒక జాగ్రత్త ఉన్నది. ఫోను "నేనున్నాను, నేనున్నాను" అని కొన్ని క్షణాలకొకసారి చెబుతూ ఉంటుంది. దానిని గుండెచప్పుడు అంటారు. పది సెకండ్లు ఆ చప్పుడు వినిపించకపోతే, ఆ ఫోను చేతిలోని రైలును కంప్యూటరు ఆపివేస్తుంది. ఈ ఏర్పాటు ఉండగా రైలు ఎందుకు ఆగలేదు? నేను అడిగినప్పుడు బావగారు చాలాసేపు పలుకలేదు. తరువాత చెప్పారు. అంతకుముందు చలికాలంలో రైళ్ళు మాటిమాటికీ నిలిచిపోతున్నాయని, విసిగి, ఆ గుర్తును ఆయనే తీసివేశారు. ఆ నిలిచిపోవడమే రోగం చెబుతున్న మాట. ఆయన రోగిని వదలి, ఆ మాటను నొక్కివేశారు.

అసలు రైల్వేలు ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకున్నవి. 1876 జనవరి 21న ఇంగ్లండులో అబాట్స్ రిప్టన్ వద్ద, మంచు తుఫానులో, సిగ్నలు రెక్కలు మంచు గడ్డకట్టి బిగుసుకుపోయినవి. ఆ రోజులలో అక్కడి సిగ్నలు మామూలుగా "పోవచ్చును" అనే స్థితిలోనే ఉండేది, ఆపవలసినప్పుడే మార్చేవారు. సిగ్నల్‌మన్ మీట లాగాడు. రెక్క కదలలేదు. ఎక్స్‌ప్రెస్ రైలు దారి ఉన్నదనుకుని వచ్చి బొగ్గురైలును ఢీకొన్నది. ఆ శిథిలాలను మరొక ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. పదిమందికి పైగా మరణించారు. ఆ తరువాత సిగ్నలు సహజస్థితి "ఆగు" అనేదిగా మారినది. మన పల్లెటూరి స్టేషన్లలో రెక్కల సిగ్నళ్ళను చూచినవారికి జ్ఞాపకం ఉండవచ్చును. తీగ లాగితేనే రెక్క దారి ఇచ్చేది. తీగ తెగితే, ఎవరూ ముట్టకుండానే, "ఆగు" అనే స్థితికి తిరిగి వచ్చేది. వార్త రాకపోవడమే ప్రమాద వార్త అన్న సూత్రం అందులో ఉన్నది.

ఆ సాయంకాలమే బావగారు గుండెచప్పుడు గుర్తును తిరిగి పెట్టారు. పిల్లవాడు మరొక లెక్క వేశాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగం 87వ వంతుకు తగ్గితే సెకండుకు సుమారు 19 సెంటీమీటర్లు. పది సెకండ్లలో దాదాపు రెండు మీటర్లు. అంటే ఫోను మూగబోయిన తరువాతకూడా రైలు ఆరడుగుల పైచిలుకు పోగలదు. వంతెన ఆరడుగుల లోపల ఉంటే గుండెచప్పుడు ఒక్కటే కాపాడలేదు. అందుకని తండ్రీకొడుకులు కలిసి, వంతెన ఎత్తగానే దానికి ఇరువైపులా కొన్ని అడుగుల పట్టాకు విద్యుత్తు ఆగిపోయేటట్లు తీగలు అమర్చారు. ఇక వైఫై ఉన్నా లేకున్నా, అంచు దగ్గరకు వచ్చిన ఇంజను అక్కడే నిలుస్తుంది.

తరువాతి శనివారం మిత్రులందరూ వచ్చాక, బావగారు నోటుపుస్తకం తెరిచి, మా మేనల్లుడి దస్తూరీలోని పరీక్షలను వరుసగా చదివి వినిపించారు. చివర, "ఇంజను పడిన తప్పు వీడిది కాదు, నాది" అన్నారు. ఆ మాట అందరి ఎదుటా అనడం ఆయనకు సులభం కాలేదని నాకు తెలుసు. ఇంజను చిమ్నీ అతికించారు; అతుకు కొంచెం కనిపిస్తూనే ఉంటుంది. ఆ పూట దానిని నడిపినవాడు మా మేనల్లుడే.

మన ఇళ్ళలో నమూనా రైళ్ళు లేకపోవచ్చును. కాని ఫోను మాట వినే దీపాలు, వాకిట కాపలా కెమెరాలు, పిల్లల పాఠాలు, పెద్దల వైద్య సలహాలు అనేకం ఇప్పుడు ఇదే గొలుసుమీద వ్రేలాడుతున్నవి. గొలుసు తెగినప్పుడల్లా దగ్గరలో ఉన్న మనిషిమీద కోపం వస్తుంది. ఆ కోపానికి ముందు ఒక నోటుపుస్తకం తెరవండి. అటు చివరినుండి ఇటు చివరకు ఒక్కొక్క లంకెనే తాకి చూడండి. ప్రాణంమీదికి వచ్చే యంత్రం ఏదైనా ఉంటే, మాట అందనప్పుడు అది నడవాలా, ఆగాలా అన్నది ముందే నిర్ణయించి పెట్టుకోండి. పిల్లవాడు "నేను ఆపాను" అంటే, ఆపి ఉండవచ్చునని ఒక్క పూట నమ్మి చూడండి.